మగ్గం గుంతలో చెరువు

హనుమకొండలోని ఒక ఆఫీసులో నా పని ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో చెరువులు వెతకడం. మబ్బులుండవు కాబట్టి ఎండాకాలం చిత్రాలు తీసుకుని, వరంగల్ చుట్టూ ఏ చెరువు ఎంత మిగిలిందో గీత గీసి పైకి పంపాలి. గీత ఏటేటా కొంచెం లోపలికి జరుగుతుంది. పైవాళ్లు బాగుందంటారు, వచ్చే ఏడు మళ్లీ గీయమంటారు. దున్నపోతు మీద వాన అని తిట్టుకుంటూ మళ్లీ గీస్తాను.

మా అక్కాబావలది మగ్గం బతుకు. వరంగల్ కొత్తవాడలో కిరాయింట్లో జంపఖానాలు నేసేవాళ్లు. సొంత జాగాలో, కాళ్లు దింపి కూచుని నేయడానికి గుంత తవ్వి మగ్గం దింపుకోవాలని బావకు పెళ్లినాటి నుంచీ కోరిక. ఊరి అంచున ప్లాటు చౌకగా వచ్చిందని అక్క ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. ఆ జాగా నాకు తెలుసు. పాత చిత్రాల్లో అక్కడంతా చెరువు నీళ్లే.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకెళ్లి చూపించాను. పాతదాంట్లో నీళ్లు నల్లగా ఉన్నాయి. కొత్తదాంట్లో మొరం పోసి చదును చేసిన నేల తెల్లగా మెరుస్తోంది. బావ రెండూ చూశాడు. వాళ్ల తాత కాలంలో కొత్తవాడ కూడా చేన్లేనట, అయితే ఏమైందన్నాడు.

"మొగులు మీదికెల్లి చూసుడేంది మరదలా? కిందికి దిగి చూడు. నేల గట్టిగున్నది."

ఇల్లు లేచింది. మంచిరోజు చూసి మగ్గం గుంత తవ్వారు. నడుములోతు రాకముందే అడుగున నీళ్లు ఊరాయి. మా దిక్కు బోరు మీద బోరు వేయించి చుక్క పడక నెత్తి కొట్టుకున్నవాళ్లు ఎందరో. అలాంటి చోట అడక్కుండానే గంగమ్మ వచ్చిందని బావ అక్కడికక్కడే దండం పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. వాడకట్టు వాళ్లంతా వచ్చి చూసి అతని అదృష్టాన్ని మెచ్చుకున్నారు. కొబ్బరి ముక్క నా చేతిలోనూ పెట్టారు. అక్కను పక్కకు పిలిచి, అది గంగమ్మ కాదు, చెరువు అని చెప్పాను.

"ఎర్కనే," అంది అక్క. "ఇల్లు కట్టినంక ఇగ ఏడికి పోతం?"

గుంతకు సిమెంటు పూసి మగ్గం దింపారు. వానలు తక్కువైన కొన్నాళ్లు బాగానే నేసుకున్నారు. తర్వాత ఒక ముసురు పట్టింది, వదల్లేదు. అలాంటప్పుడు మబ్బుల్ని దాటి చూసే రాడార్ చిత్రాలు తెప్పిస్తాం. నిలిచిన నీళ్లు వాటిలోనూ నల్లగానే ఉంటాయి. మునిగిన వాడలకు గీత గీసుకుంటూ అక్కావాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగింది. పాత చెరువు అంచు ఎక్కడుండేదో, నలుపు సరిగ్గా అక్కడిదాకా వచ్చి నిలిచింది. ఫోన్ చేస్తే బడి వరండాలో ఉన్నామంది అక్క. గీత పూర్తి చేసి పైకి పంపాను. ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

నీళ్లు తగ్గాక వెళ్లాను. పడుగు నూలంతా బురదలో నాని ముద్దైంది. మగ్గం కొయ్యలు ఉబ్బిపోయాయి. గుంతలో నీళ్లు మాత్రం ఎంత తోడినా తరగలేదు. చివరికి బావ ఇసుక పోయించి దాన్ని పూడ్చేశాడు. ఇప్పుడు ఎవరిదో పవర్‌లూమ్ దగ్గర దినమంతా నిలబడి పనిచేస్తున్నాడు. కూచుని నేసిన మనిషి, కాళ్లు వాస్తున్నాయి.

మొన్న వెళ్తే, పూడ్చిన గుంత మీద చాప వేసుకుని కాళ్లు చాపుకొని కూచున్నాడు. ఈ ఏడు చెరువుల గీతలు మొదలైనాయా అని అడిగాడు. మొదలైనాయన్నాను.

"ఈసారి మా ఇల్లు చెరువులనే వెట్టు మరదలా. అవద్దమెందుకు?"

"ఎండకాలం ఫొటోల మీ ఇల్లు పొడిగనే కనవడ్తది బావా," అన్నాను.

అడుగు నుంచి నిమ్ము తేలిందేమో, బావ చాప పక్కకు జరుపుకున్నాడు.