పెన్ పెన్సిల్‌తో గీసిన గీతలు

మొన్న నాచారంలో మా అమ్మాయికి గ్రాఫ్ పేపర్లు కొంటుంటే, ఆ పచ్చ గళ్లు చూడగానే పదో తరగతి నాటి కడుపుమంట మళ్లీ మొదలైంది. ఉప్పల్ స్టేడియం కడుతున్న రోజుల్లో చదువుకున్నవాళ్లూ, మీకు గుర్తుందా? రెండు సమీకరణాలకు రెండు గీతలు గీయాలి, అవి కలిసిన చోటే జవాబు.

నా పక్కన కూర్చునే మాధవికి, నొక్కితే సన్నటి ముల్లు బయటికొచ్చే పెన్ పెన్సిల్ ఉండేది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవారు, ఆయన ఇచ్చిందే. దాని గీతలు వెంట్రుకల్లా సాగి, సూది మొనంత చోట కలిసేవి. నాది చెక్క పెన్సిల్. ఎంత చెక్కినా రెండో గీతకల్లా మొద్దుబారేది.

ఒకరోజు లెక్కల సారు నా పేపరు ఎత్తి అందరికీ చూపించారు.

"గీతలు గలిసిన కాడ సుక్క ఉండాలె. నువ్వు ఉప్పల్ చౌరస్తా గీసినవ్. దీంట్ల జవాబు ఏడున్నదో నువ్వే జెప్పు."

క్లాసంతా నవ్వింది. మాధవి మాత్రం నవ్వలేదు. పెన్ పెన్సిల్ నా వైపు జరిపి, "జర దీంతోని గీసి సూడవే" అంది.

"నాకొద్దు" అన్నాను. అది కూడా నవ్వి ఉంటే నాకంత కుళ్లు ఉండేది కాదేమో.

అందుకే మొన్న గ్రాఫ్ పేపర్లతో పాటు మా అమ్మాయికి పెన్ పెన్సిల్ కూడా కొన్నాను. నిన్న అది లేకుండా బడి నుంచి వచ్చింది.

"నా పక్క పిల్లకు గీతలు లావుగ వస్తున్నయమ్మా. దానికిచ్చిన."

"తీసుకుందా?"

"ఆఁ, నవ్వుకుంట తీసుకుంది."

ముఖమైనా చూడని ఆ పిల్ల మీద నిన్నటి నుంచి కుళ్లుకుంటూనే ఉన్నాను.