గాజుల కొలతతో కొన్న కెమెరా

రాయచూరు బజారులో ఒక కెమెరా దుకాణదారుణ్ణి రెండు వేలకు ముంచిన ఘనత నాది. మొన్న కొత్త ఫోను పెట్టె మీద సెన్సరు కొలత కనబడగానే పదిహేనేళ్ల కిందటి ఆ బేరం మళ్లీ ఒంట్లోకి పాకినట్టయింది.

నేను పెరిగింది మా మేనమామ గాజుల దుకాణంలో. మన తరం ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, గాజుల కొలత రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. అంకె పెరిగితే గాజు పెద్దది. రోడ్డు వెడల్పు కోసం ఆ దుకాణాన్ని కూల్చేస్తామని నోటీసు వచ్చినప్పుడు, గద్దె మీద మామనూ, వెనక గోడ నిండా వేలాడే గాజులనూ రంగులతో సహా పట్టుకోవాలని చిన్న డిజిటల్ కెమెరా కొనబోయాను.

రెండు నచ్చాయి. ఒకదాని పెట్టె మీద సెన్సరు 1/1.7 అంగుళం, పది మెగాపిక్సెళ్లు. రెండోదాని మీద 1/2.3, పన్నెండు, పైగా రెండు వేలు తక్కువ. వెలుతురు పట్టేది సెన్సరేననీ, అది పెద్దదైతేనే మంచిదనీ ఎక్కడో చదివి వెళ్లానేమో, ఆ 2.3నూ 1.7నూ గాజుల లెక్కలోనే చదివేశాను. రెండు-మూడు గాజును ఒకటి-ఏడు గాజు కంటే చవగ్గా ఇస్తున్నాడు, పాపం, తన సరుకే తనకు తెలియదు! ముఖం ముడుచుకుని సంచీ, మెమరీ కార్డూ కూడా ఉచితంగా లాగాను. "అక్కా, కొననీకి వచ్చినవా, నా దుకాన్ బంద్ చేయనీకి వచ్చినవా?" అని ఆయన మొత్తుకుంటుంటే, ఆటో ఎక్కేదాకా నవ్వు ఆపుకున్నాను.

కూల్చే ముందు రోజు మధ్యాహ్నం, అప్పటికే కరెంటు తీసేసిన దుకాణంలో మామ కొత్త తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "జెల్ది తియ్యవే బిడ్డా, నేను గింతసేపు నవ్వితే గిరాకొచ్చిందనుకుంటరు" అన్నాడు. ఇరవై ఫొటోలు తీశాను, అగ్గిపెట్టెంత తెర మీద అన్నీ అద్భుతంగా కనబడ్డాయి.

గోడ కూలిన వారానికి పెద్దగా అచ్చు వేయిస్తే మామ ముఖం మీద ఉప్మారవ్వ చల్లినట్టుంది, గాజులన్నీ కలిసి ఒకే మట్టిరంగు ముద్ద. స్టూడియో ఆయన కాగితం మీద గీసి చూపించాడు: పైన ఒకటి ఉంది కనుక, కింద అంకె పెరిగేకొద్దీ సెన్సరు చిన్నదవుతుంది. నేను వద్దనుకున్నది దీనికి దాదాపు ఒకటిన్నర రెట్లట! ఈ చిన్నదానిలోనే పన్నెండు మెగాపిక్సెళ్లు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు, ఇరికించేసరికి ఒక్కో చుక్కకు దక్కింది చిటికెడు వెలుతురు. నిజం చెప్పొద్దూ, సిగ్గు కంటే ముందు సంబరమే వేసింది. వానకు వాకిట్లో పెట్టిన గిన్నెల సంగతే కదా ఇది, మూతి వెడల్పుంటేనే నిండేది!

ఆ సంబరంతోనే పరుగున వెళ్లి మామకు చెప్పాను. ఆయన ఫొటోను కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. "గది సరే గని, నీ పెండ్లికి ఏసిన పచ్చ గాజుల అసొంటివి ఈ గోడ మీదనే ఉండె. యాడున్నయే?"

ఆ మట్టిరంగు ముద్ద మీద వేలు ఈ మూల నుంచి ఆ మూలకు జరిపాను.

ఇప్పుడు నా ఫోను చీకటి గదిలోనూ రంగులు విడదీస్తుంది; ఆ గోడ ఉన్న చోట లారీలు తిరుగుతున్నాయి. ఆ బేరంలో రెండు వేలు మిగిలాయి, సంచి ఉచితం, కార్డు ఉచితం. ఇరవై ఫొటోల్లోనూ మామ చొక్కా ఒక్కటే కాస్త తెల్లగా వచ్చింది.