అవ్వకు చర్మమని చెప్పాను

పోయిన నెల మా అవ్వ చనిపోయింది. రొమ్ములో గడ్డ పుండై ఒళ్ళంతా పాకింది. సోమందేపల్లి పక్క పల్లెలో గొర్రెలు కాసిన మనిషి. ఆమె గురించి రాయడానికేముందని మావాళ్ళే అంటారు. నేను రాస్తున్నాను, ఎందుకంటే బెంగుళూరు ల్యాబ్‌లో నేను చదువుతున్నది రొమ్ము గురించే.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. పెనుకొండ హైస్కూలుకు బస్సెక్కించింది అవ్వే. తోటి కాపరులు "ఏమవ్వా, మనవరాలు కలెక్టరయితాదా?" అని ఎగతాళి చేస్తే, "అయితే మొదట నీ మందనే జప్తు చేయిస్తా, పో అబ్బా" అనేది.

గొర్రె పొదుగు తడిమి ఏ రోజు ఈనుతుందో చెప్పేది. "పాలెండిపోతే పొదుగు సచ్చిపోయిందనుకోవద్దు పాపా. లోపల విత్తనం దాక్కోనుంటాది. మల్ల చూలయితే అదే లేస్తాది."

మేం వెతికేది ఆ విత్తనాన్నే. ఎలుక పాలిచ్చే దశలో పాలకణాల జన్యువుల్లోనే ఒక గుర్తు పెడతాం. రంగు వేస్తే ఆ కణాలూ, వాటికి పుట్టినవీ నీలంగా కనిపిస్తాయి. పాలు ఆగాక చాలా కణాలు చచ్చిపోతాయి, కొన్ని మిగులుతాయి. మరుసటి కాన్పుకు అవే పెరిగి మళ్ళీ పాలు తయారుచేస్తాయి. అవి మూలకణాలేనా అని తేల్చడమే నా పని.

సెలవుల్లో ఈ గుర్తు సంగతి చెప్తే అవ్వ పడీపడీ నవ్వింది. "మేమూ గొర్రె ఈపుకు రంగు పూస్తాం. పిల్లకు రాదు గదమ్మే! మీది పిల్లకూ వస్తాదా? ఇంగ దొంగలెట్ల బతకల్ల?" నవ్వాపి అడిగింది: "ఎలకలో యాడ పెడతారా గుర్తు?"

నాయన పక్కనే అన్నం తింటున్నాడు. ఆ మాట నోట రాలేదు. "చర్మంలో అవ్వా" అన్నాను.

అప్పటికే ఆమెకు గడ్డ ఉందట. గొర్రెలకు పొదుగు వాస్తే పట్టించే పసుపు, వేపాకు ముద్దనే తనూ రాసుకుంటూ పైట కింద దాచింది. చివరికి హిందూపురంలో డాక్టరమ్మ నావైపు తిరిగి, "చదువుకున్నదానివి, నువ్వన్నా చూడలేదా?" అంది. ఎలుకలను కోసి ఒక్కో కణం చూసినదాన్ని. అవ్వకు నీళ్ళు పోసి వీపు రుద్దుతూ కూడా ఎదటికి వచ్చి చూడలేదు.

దినాలయ్యాక అమ్మ చెప్పింది: "నాకు చూపించిందే. నిన్ను అడగమన్నా. 'దానిది తోలు సదువు, ఇది దానికేం తెలుస్తాది? ఊరికే బిడ్డను సిగ్గుపెట్టేది' అనింది."

నాయన అక్కడే ఉన్నాడు. "తోలు చదువు కాదమ్మా" అన్నాను. "రొమ్ము చదువు. ఆడోళ్ళ రొమ్ములో గడ్డ ఎట్ల పుడుతుందో తెలుసుకునేదానికే ఆ ఎలుకలు."

నాయన లేచి బయటికి పోబోయి గడప దగ్గర ఆగిపోయాడు. అమ్మ గోడవైపు తిరిగి, కుడిచేతిని మెల్లగా పైట కిందికి పోనిచ్చి, వేళ్ళతో వెతుక్కుంటూ చాలాసేపు అలాగే నిలబడింది.