ఆరో వేలి దగ్గర

అమెరికా రాకముందు చక్రపాణి ఇరవై ఏళ్ళపాటు నరసరావుపేటలో మైక్ సెట్లు అద్దెకిచ్చాడు. పని అతనికెవరూ నేర్పలేదు. కాలిపోయిన ఆంప్లిఫయర్లు విప్పి, బిగించి, షాకులు తిని నేర్చుకున్నాడు. పెళ్ళిలో మంత్రం చివరి వరసదాకా వినపడాలి, మొదటి వరసవాళ్ళ చెవులు పగలకూడదు. అదీ అతని పట్టింపు. అమెరికాలో ఉన్న అక్క అతనికోసం వేసిన వీసా పిటిషన్ ఎన్నో ఏళ్ళకి కదిలి, నలభై ఆరో ఏట భార్య లక్ష్మితో షామ్‌బర్గ్ చేరాడు. ఇప్పుడతనికి అరవై ఒకటి. ఓ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో కుళాయిలూ, తలుపులూ, డ్రైయర్లూ బాగుచేస్తాడు.

పిల్లల దగ్గరికొచ్చి ఆరేసి నెలలుండే పెద్దవాళ్ళకోసం తెలుగు సంఘం ఓ పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా వేయాలనుకుంది. లావాయనా, సన్నాయనా ఇద్దరు డిటెక్టివులు. మాయమైన ప్రొఫెసర్ని వెతుక్కుంటూ ఆయన ప్రయోగశాలకి వెళ్తారు. అక్కడ గాజు తొట్టెలో పెరిగిన ఆరు వేళ్ళ రాక్షసుడు తిరుగుతుంటాడు. సినిమా శబ్దం ఆపేసి, బొమ్మ నడుస్తుండగానే తెలుగులో మాటలు చెప్పాలని కల్చరల్ సెక్రటరీ భానుప్రకాష్ ఆలోచన. మాటలు రాసిందీ, లావాయనకి గొంతిచ్చేదీ అతనే. చప్పుళ్ళు చక్రపాణివి.

చక్రపాణి నెలరోజులు ఆ సినిమా చూశాడు. పారేసిన తలుపు బందు తెచ్చి కిర్రుమనేలా సరిచేశాడు. లావాయన పడ్డప్పుడల్లా వేయడానికి ఇరవై పౌండ్ల బియ్యం బస్తా పెట్టుకున్నాడు. అంతకన్నా ఎక్కువ కష్టపడింది ఒక్క చోటు కోసం. చీకట్లో లావాయన భయంతో వెనక్కి చెయ్యి చాచి, తన జోడీ చెయ్యే అనుకుని రాక్షసుడి చెయ్యి పట్టుకుంటాడు. నిమురుతాడు. వేళ్ళు లెక్కపెడతాడు. ఆరు. తనవి లెక్కపెట్టుకుంటాడు. ఐదు. మళ్ళీ అవతలివి లెక్కపెడతాడు. ఇరవై రెండు సెకన్లు. అంతసేపూ గాజు తొట్టెలోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆ చుక్కకోసం స్టీలు గ్లాసులు తొమ్మిది మార్చి చూశాడు.

రిహార్సల్‌లో భానుప్రకాష్ సరిగ్గా అక్కడే అందుకున్నాడు. "ఏంట్రా, నీ చెయ్యి ఇంత మెత్తగా ఉందేంటి? మీ ఆవిడ గిన్నెలు తోమించట్లేదా?"

"బాబూ, అక్కడ మాటొద్దు," అన్నాడు చక్రపాణి.

"గ్యాప్ వస్తది కదా అంకుల్. ఇరవై సెకన్లు డెడ్ ఎయిర్."

"గ్యాప్ కాదు బాబూ. జనం కూడా ఆయనతోపాటు లెక్కపెట్టాలి. మనం మాట్లాడితే లెక్క తప్పుద్ది."

"అంకుల్, మనవాళ్ళకి పంచ్ పడాలి. మీరు చుక్కలు వేస్కోండి, నేను నా పంచ్ వేస్తా. బ్యాలెన్స్ అవుతది."

తర్వాతి వారానికి అక్కడ మూడు పంచ్‌లయ్యాయి. ఆపై వారం ఐదు. చక్రపాణి వాచీ పట్టుకుని చూపించాడు. మాటలు లేకుండా ఒకసారి నడిపి చూద్దామన్నాడు. "ష్యూర్ అంకుల్, నెక్స్ట్ టైం," అన్నాడు భానుప్రకాష్. ఆ నెక్స్ట్ టైం రాలేదు.

ఇంటికెళ్ళేటప్పుడు కార్‌లో లక్ష్మి అంది, "చెప్పింది చేసి రారాదూ? ఎందుకంత మంట?"

"నవ్వించేది ఆ లావాయనే. పాపం, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వరే!"

శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాలు నిండింది. నూట ఇరవైమంది దాకా ఉంటారు. మాటలు చెప్పేవాళ్ళు వెనకవైపు అద్దాల గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లతో కూర్చున్నారు. చక్రపాణి హాల్లోనే ఓ మూల, మిక్సర్ ముందు తన సరంజామాతో ఉన్నాడు. మొదటి అరగంటా భానుప్రకాష్ ఊపిరి తీసుకోకుండా పంచ్‌లు వేశాడు. జనం మర్యాదగా నవ్వుతున్నారు. కొందరు ఫోన్లు తీశారు.

తెరమీద చీకటి గది వచ్చింది. లావాయన చెయ్యి వెనక్కి చాచాడు. "ఏంట్రా, నీ చెయ్యి..."

చక్రపాణి భానుప్రకాష్ మైకు మీటని కిందికి జరిపేశాడు. అద్దాల వెనక అతను, తెలియక, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

టప్. హాలంతా ఆ ఒక్క చుక్క. టప్. లావాయన లెక్కపెడుతున్నాడు. రెండో వరసలో ఓ పెద్దాయన పెదవులు కదిలాయి. ఆరో వేలి దగ్గర ఎవరో ఆవిడ కిసుక్కుమంది. తనవి లెక్కపెట్టుకునేసరికి ఇంకో నలుగురు. మళ్ళీ అవతలివి మొదలెట్టాడు, ఇక హాలు ఆగలేదు. పెద్దాయన పక్కనున్న కొడుకు భుజం పట్టుకుని ఊగిపోయాడు. చక్రపాణి మీటని మెల్లగా పైకి తెచ్చాడు.

సినిమా అయ్యాక భానుప్రకాష్ మైకు పట్టుకున్నాడు. "మన పంచ్‌లకి మీ రెస్పాన్స్ సూపర్! మధ్యలో ఎక్కడో కొంచెం సౌండ్ ఇష్యూ వచ్చిందట, సారీ. మన చక్రపాణి అంకుల్‌వి పాత వైర్లు కదా, లూజ్ కనెక్షన్. పాపం ఆయన తప్పేం లేదులెండి."

అందరూ వెనక్కి తిరిగి జాలిగా చూశారు. లూజ్ కనెక్షన్! ఇరవై ఏళ్ళలో ఏ పందిట్లోనూ ఎవరూ అతన్ని అనని మాట.

టీ దగ్గర రెండో వరస పెద్దాయన భానుప్రకాష్ చెయ్యి ఊపేస్తున్నాడు. "ఆ వేళ్ళ దగ్గర భలే చెప్పావయ్యా! పొట్ట చెక్కలైంది."

"థాంక్యూ అంకుల్. అక్కడ చాలా వర్క్ చేశాం."

భానుప్రకాష్ టీ కప్పుతో చక్రపాణి దగ్గరికొచ్చాడు. "ఫీల్ అవ్వకండి అంకుల్. నెక్స్ట్ షోకి ప్రొఫెషనల్ సౌండ్ వాళ్ళని బుక్ చేద్దాం. మీరు హాయిగా ముందు కూర్చుని చూడండి."

"లూజ్ కనెక్షన్ కాదు బాబూ. నేనే తగ్గించా, కావాలనే. ఆ నవ్వు నీ మాటలకి రాలేదు, నువ్వు మాట్లాడనందుకు వచ్చింది."

భానుప్రకాష్ పకపకా నవ్వాడు. "ఊరుకోండంకుల్! మీ టైమింగ్ మాత్రం... మీరు కూడా పంచ్‌లేస్తున్నారే!" భుజం తట్టి, ఫొటోల దగ్గరికి వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక చక్రపాణి భానుప్రకాష్ మైకుని హాల్లోకి తెచ్చి, దాని వైరు రెండు కొసలూ విప్పి, గోటితో గీరి చూశాడు. మళ్ళీ తగిలించి మీట పైకి జరిపి, "హలో" అన్నాడు. ఖాళీ కుర్చీల చివరి వరసదాకా ఖణేల్‌మని వినపడింది.