ప్రళయం వచ్చినప్పుడల్లా పిన్ని ఊళ్ళో లేదు

మా బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. మా అమ్మ చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి నాకు బాబాయి. తీరిక దొరికినప్పుడు లోకాన్ని నాశనం చేస్తుంటాడు. ఇప్పటికి పదకొండుసార్లు చేశాడు. ఒకసారి వరదతో, ఒకసారి మంచుతో, ఒకసారి ఎవరికీ అంతుపట్టని పచ్చటి దుమ్ముతో. అన్నీ ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ తర్వాత పుస్తకాలయ్యాయి. పాఠకులు ఆయన్ని ‘ప్రళయం గారు’ అంటారు. ఆ పిలుపు చెవిన పడితే మనిషి ఉబ్బితబ్బిబ్బయిపోతాడు.

నిజానికి ఆయన గట్టిగా ఎవర్నీ కసురుకోను కూడా లేడు. అందుకేనేమో, ఆయన ప్రళయాల్లో ఎవరికీ పెద్ద కష్టం ఉండదు. ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోతుంది కానీ, హీరో ఉండే తొమ్మిదో అంతస్తుకి మాత్రం వేణ్ణీళ్ళొస్తాయి. దుప్పటి ఇస్త్రీ చేసి ఉంటుంది. కాఫీపొడికి కొదవ లేదు. ఎదురింటి వాళ్ళ పుస్తకాల బీరువా కూడా ఇప్పుడు అతనిదే. ఇక లిఫ్టు సంగతి చెప్పక్కర్లేదు. జనమంతా పోయినా అది ఠంచనుగా పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటుంది. ‘అయ్యా, కరెంటెక్కడిది?’ అని ఒకాయన పత్రికకి ఉత్తరం రాస్తే బాబాయి తెగ నొచ్చుకున్నాడు. నెలనెలా సర్వీసింగ్ చేయించిన లిఫ్టు ఎందుకు ఆగుతుందండీ అని అరపేజీ జవాబు రాశాడు.

ఆయన రాతకి ఒక పద్ధతుంది. పిన్ని ఇంట్లో ఉంటే కలం కదలదు. పిన్ని ఒక పళ్ళడాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. రోజంతా నోరు తెరవలేని వాళ్ళ మధ్య కూర్చుంటుందేమో, ఇంటికొచ్చాక ఆవిడకి కబుర్లు కావాలి. అందుకని ఆవిడ మా ఊరికి, అంటే అక్కగారింటికి, వచ్చినప్పుడే బాబాయి కొత్త సీరియల్ మొదలుపెడతాడు. వచ్చేముందు ఆవిడ పది రోజులకి సరిపడా అన్నీ డబ్బాల్లో నింపి, ఏది ఎందులో ఉందో చీటీలంటించి మరీ వస్తుంది. ఆయన కాలు మీద కాలేసుకుని లోకాన్ని ముంచుతాడు.

పిన్ని ఆ పుస్తకాలు చదివేది కాదు. బట్టలు మడతపెడుతుంటే ఆయన వినిపించిన ముక్కలు ఓ చెవితో వినేది, అంతే. ఈ ఏడాది జ్వరమొచ్చి వారం రోజులు మంచం దిగలేదు. ఏమీ తోచక పదకొండూ వరసపెట్టి చదివేసింది. జ్వరం తగ్గగానే, ఎప్పటిలాగే డబ్బాలు నింపి, చీటీలంటించి, మా ఇంటికొచ్చింది. ఈసారి మాత్రం పెట్టె పెద్దది.

“ఏమైందే?” అంది అమ్మ.

“పదకొండు పుస్తకాలక్కా. అన్నిట్లోనూ ఆ హీరోకి పెళ్ళాం ఉంది. అన్నిట్లోనూ మొదటి పేజీలోనే ఆవిడ అక్కగారింటికి బస్సెక్కుతుంది. రెండో పేజీలో ప్రళయం. ఆ తర్వాత ఆవిడ ఊసే లేదు.”

నేను పకపకా నవ్వాను. పిన్ని నవ్వలేదు.

“కథే కదే,” అంది అమ్మ.

“ఆయన వచ్చి పిలిస్తే వెళ్తాను. లేకపోతే ఈ ఊళ్ళోనూ పళ్ళడాక్టర్లున్నారు. ఆయన్ని రమ్మని మీరెవరూ చెప్పడానికి వీల్లేదు.”

పిన్ని ఉత్తినే బెదిరించే మనిషి కాదు. అమ్మ ముఖం చూస్తే నాకూ భయమేసింది.

నాలుగో రోజు బాబాయి ఫోన్ చేశాడు, మహా హుషారుగా. పిన్ని వంటింట్లో చేతులు తడిగా ఉండి స్పీకర్ పెట్టింది కాబట్టి అందరం విన్నాం.

“పన్నెండోది మొదలైందోయ్. ఈసారి సూర్యుడే చల్లారిపోతున్నాడు. హీరో గదిలో మంచి హీటర్ ఒకటి పెట్టాను.”

“వాళ్ళావిడ?”

“ఊళ్ళో లేదు.” అని, ఏదో తట్టినట్టు అన్నాడు. “నిన్నెప్పుడూ చంపలేదు, చూశావా? నాకు చెయ్యి రాదు. అందుకే ముందే బస్సెక్కించేస్తా.”

“బాగానే ఉంది. రోడ్లన్నీ ఖాళీ. ఎక్కడ చూసినా తాళాలున్న కార్లు. వాడికా, చెయ్యడానికి పనేం లేదు. పదకొండు మందిలో ఒక్కడైనా నన్ను వెతుక్కుంటూ బయల్దేరాడా?”

పిన్ని చేతులు తుడుచుకుని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఫోన్ రాలేదు. పిన్ని అయినదానికీ కానిదానికీ నన్ను విసుక్కుంది. వీధివైపు కిటికీ అద్దం మూడుసార్లు తుడిచింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పిన్నే తీసింది. బాబాయి. బస్సులో చోటు దొరక్క ఐదు గంటలు నిలబడే వచ్చాట్ట. చొక్కా నలిగిపోయింది, పాదాలు వాచి చెప్పులు బిగుసుకుపోయాయి. ఆయన్ని అంత ఇబ్బందిలో నేనెప్పుడూ చూడలేదు.

“ఎందుకొచ్చారు?” అంది పిన్ని, గుమ్మానికి అడ్డంగా నిలబడే.

“ఆ పదకొండు మందీ ఎందుకు బయల్దేరలేదో నిన్నంతా ఆలోచించాను.”

“ఏం తేలింది?”

“భయం,” అన్నాడు బాబాయి. “బయల్దేరి వచ్చాక నువ్వు లేవనుకో, అప్పుడేంటి? ఇంట్లోనే కూర్చుంటే, నువ్వింకా అక్కగారింట్లో ఉన్నట్టే కదా.”

ఇన్నాళ్ళూ ఆ వేణ్ణీళ్ళనీ, ఇస్త్రీ దుప్పట్లనీ చూసి నవ్విన నాకు సిగ్గేసింది. పిన్ని ఆయన చేతిలో సంచి తీసుకుని పక్కకి జరిగింది.

“రేపటికి రెండు టికెట్లు తియ్యండి,” అంది. “కూర్చోడానికి సీట్లున్న బస్సుకి.”