గాలికెదురుగా మందు కొట్టే మనిషి

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, నేను గీసిన పెద్ద బొమ్మను మోకాళ్ల మీద నిలబెట్టుకున్నాను. పత్తిచేను, గాలికి వంగిన తుమ్మచెట్లు, మధ్యలో వీపున డబ్బాతో పురుగుమందు కొడుతున్న కూలీ. వారం కిందట ఆళ్లగడ్డ దారిలో అతన్ని చూసి గీసిందే.

పక్కన కూర్చున్న నడివయసు ఆమె బొమ్మను చాలాసేపు చూసింది.

"ఈయప్ప నిజంగా ఇట్లనే కొడతాండెనా అన్నా?"

"ఉన్నది ఉన్నట్టే గీశానమ్మా."

"చెట్లన్నీ ఈయప్ప దిక్కే వంగినాయి. గాలి ఎదురొస్తాంది. మూతికి గుడ్డ గూడా లేదు. మా ఇంటాయన ఇట్లనే కొట్టినాడు. ఇంటికొచ్చి వాంతులు చేసుకున్యాడు. తెల్లారేసరికి ప్రాణం పాయ."

బొమ్మను నా వైపు తిప్పుకుని చూశాను. కూలీ ముఖం చుట్టూ ఆ మందు తుంపర పొగమంచులా అందంగా కనబడాలని రెండు రోజులు కష్టపడ్డాను.

దిగబోతూ ఆమె అడిగింది. "ఈయప్ప ఎట్లుండాడో కనుక్కుంటివా?"

అతని పేరు కూడా నేను అడగలేదు.

ఆళ్లగడ్డ దాకా పోకుండా ఆ చేను దగ్గరే దిగాను. చేనులో ఎవరూ లేరు. పక్క చేలో కలుపు తీస్తున్న ముసలమ్మను మందు కొట్టే అతని గురించి అడిగాను.

"నాలుగు దినాలాయ, రాలేదు" అంది.

ఎందుకని అడిగాను. ఆమె తలెత్తకుండా కలుపు తీస్తూనే ఉంది.