బెంచీ మీద మా మరిది

ఈ పొద్దున్న మా టాటానగర్ అగ్రికో బజార్లో కాకరకాయలు ఏరుతుంటే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. నేను తెలుగులో మాట్లాడతాను, వాడు హిందీలో జవాబిస్తాడు. వాడికి మాటలొచ్చిన నాటి నుంచీ మా ఇద్దరి కబుర్లూ ఇలాగే సాగుతున్నాయి. "అత్తా, ఇస్ సీజన్ సే మై బెంచ్ పే హూఁ. మామా కా నంబర్ దో నా," అన్నాడు. జట్టులోకి కొత్త కుర్రాడొచ్చాడట, ఇక ఆట మొదలుపెట్టేది అతనేనట, వీడు బెంచీ మీద కూర్చుని అవసరమైనప్పుడు ఆటలోకి దిగాలట. అందుకని ఆ మావయ్య, అంటే మా మరిది, కొత్త నంబరు కావాలి. నంబరు చెప్పాను గానీ, ఆ తర్వాత ఏరిన కాకరకాయల్లో సగం పుచ్చులే. బెంచీ అన్న మాట వినగానే ఆరేళ్ళ కిందట నేను పడ్డ అవస్థంతా మళ్ళీ నెత్తికెక్కింది.

అప్పటికి మా ఊళ్ళో బాస్కెట్‌బాల్ ప్రొఫెషనల్ జట్టు పుట్టి మూడు నెలలు. ముప్ఫై ఏళ్ళు ఆటల టీచరుగా విజిలూది రిటైరైన పాపానికి నన్ను మేనేజరుగా పెట్టారు. పన్నెండుమంది కుర్రాళ్ళు. ఆకలి వేళ తప్ప ఏ వేళా తెలీనివాళ్ళు. బూట్లు ఒకచోట, సాక్సులు ఇంకోచోట, ఫోన్లు మాత్రం ఎప్పుడూ చేతుల్లోనే. అందులో ఈ మేనల్లుడు, నా తమ్ముడి కొడుకు, పవర్ ఫార్వర్డ్, అంటే రింగు కింద భుజాలతో తోసుకుంటూ నిలబడి, రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతిని అందరి చేతుల మధ్య నుంచీ లాక్కునేవాడు. ఎగిరి ఎగిరి వాడి కుడి మోకాలు వాచింది. "సగం ఆటే ఆడించండి. పూర్తిగా ఆడిస్తే ఈ సీజనే వీడికి ఆఖరు," అని డాక్టరు చెప్పేశాడు. వాణ్ణి దించమంటే "దించి ఎవర్ని ఎక్కించను మేడమ్?" అంటాడు కోచ్. దిగరా అంటే వీడు దిగడు. ఒళ్ళు మండిపోయేది నాకు. తల్లి పోయాక నా చేతుల్లో పెరిగినవాడు, ఆ కాలు పోతే నా మొహం నేనే చూసుకోలేను. అందుకని వాడి స్థానానికి రెండో మనిషిని వెతికే పని నేనే నెత్తినేసుకున్నాను.

ఊళ్ళో తెలుగువాళ్ళకి ఈ సంగతి తెలియడం నేను చేసిన మొదటి తప్పు. వాళ్ళ లెక్కలో బాస్కెట్‌బాల్‌కి కావలసింది పొడుగొక్కటే. చర్చి నుంచి పాస్టరు గారు ఒకతన్ని పంపించారు. క్వైర్‌లో వెనక వరసలో పాడే మనిషి, గుమ్మంలోంచి వంగి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బంతి వేస్తే కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ పైకెత్తి ప్రార్థనలో ఉన్నట్టు నిలబడ్డాడు. టాటానగర్ రైల్వే క్వార్టర్ల నుంచి ఇంకొకడొచ్చాడు. బంగారంలా ఆడాడు. రెండో స్థానమని తెలియగానే బ్యాగు భుజానేసుకుని వెళ్ళిపోయాడు. మూడోవాడు ఒప్పుకున్నాడు గానీ, వాళ్ళమ్మ మా ఇంటిమీదకొచ్చింది. "ఏటమ్మా, బెంచీ మీద కూకోబెట్టడానికేటి మావోణ్ణి అడిగినారు? మా ఇంట్లో బెంచీ నేదనుకున్నారేటి?" అని వీధంతా వినబడేలా దులిపేసింది. టీ పెట్టినా తాగలేదు. ఇలా మూడు వారాలు. నిద్రలో కూడా పొడుగు మనుషులే కనిపించేవారు. ఈలోగా మేనల్లుడి మోకాలికి ఐసుగడ్డలు కట్టడం, తిట్టడం, మళ్ళీ కట్టడం.

ఆఖరికి దొరికినవాడు బర్మామైన్స్‌లో ఉండే మా మరిది, మా ఆయన పినతండ్రి కొడుకు. ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ముప్ఫై అయిదేళ్ళు, కాస్త పొట్ట. ఒకప్పుడు డిపార్ట్‌మెంటు జట్టుకి ఆడినవాడే గానీ, ఇంటి మనిషి కదా, నా కంటికి ఆనలేదు. బెంచీ మీద కూర్చోవాలని నసుగుతూ చెప్పాను. "అంటే రిలీవరే కదొదినా? వత్తన్నా," అన్నాడు. అంతే, ఎప్పుడు ఎక్కిస్తారని గానీ, ఎంతసేపని గానీ ఇంకో ప్రశ్న లేదు. పొద్దున్న డ్యూటీ దిగి సాయంత్రం ప్రాక్టీసుకి రావడం మొదలెట్టాడు. కుర్రాళ్ళు అంకుల్ అని నవ్వారు. మా కోచ్ ఆ పొట్ట వైపోసారి, నా వైపోసారి చూసి బంతి అందించాడు. కానీ రింగు కింద నిలబడితే మరిదిని కదిలించడం ఎవరి వల్లా కాలేదు.

ఇక్కడ ప్లాంటు పద్ధతి ఒకటి చెప్పాలి. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రానిదే క్రేన్ మీది మనిషి సీటు వదలడు. వచ్చాక కూడా చేతులు దులుపుకుని దిగిపోడు. బ్రేకు ఎక్కడ జారుతోంది, హుక్కు ఎటు ఊగుతోంది, అన్నీ చెప్పి చార్జి అప్పజెప్పి దిగుతాడు. ఎక్కేవాడు అవన్నీ అడగకుండా ఎక్కడు. ఈ అలవాటు మరిది మొదటి మ్యాచ్‌కే కోర్టులోకి పట్టుకొస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. మేనల్లుణ్ణి దించే వేళయింది. హారన్ మోగింది, రిఫరీ రమ్మని చెయ్యి ఊపాడు. వీడు మూతి ముడుచుకుని కుంటుతూ వచ్చాడు. మరిది గీత దగ్గర వాడి భుజం పట్టుకుని ఆపేశాడు. "ఆగల్లుడా. సెప్పు, ఏటవుతంది అక్కడ?" వాడు బిక్కమొహం వేసి "జావో నా మామా!" అన్నాడు. ఈయన కదిల్తేనా! ఎదుటి పొడుగోడు ఎటు తిరుగుతున్నాడు, మోచెయ్యి ఎక్కడ పొడుస్తున్నాడు, అన్నీ రాబట్టాకే లోపలికెళ్ళాడు. రిఫరీ విజిలేసి, ఆలస్యం చేస్తున్నారని జట్టుని హెచ్చరించాడు. నేను బెంచీ దగ్గర తల పట్టుకున్నాను.

చివరి పావు భాగంలో మళ్ళీ అదే. ఈసారి టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. ఎదుటివాళ్ళకి ఊరికే ఒక ఫ్రీ త్రో, దాంతో ఒక పాయింటు. సరిగ్గా ఆ ఒక్క పాయింటుతోనే మ్యాచ్ ఓడిపోయాం. నేను ఆగలేకపోయాను. అందరి ముందూ దులిపేశాను. మరిది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అంతా విన్నాడు. "తప్పే వొదినా. ఇంక గీత కాడ అడగను. కానీ మీరు సూడనేదు. రెండోసారి అల్లుణ్ణి ఎవరూ పిలవనేదు. ఆడే సెయ్యెత్తి దిగినాడు," అన్నాడు.

నిజమే. నేను స్కోరు బోర్డు చూస్తూ వాణ్ణి చూడలేదు. దిగరా అని మూడు వారాలు నేను అరిచినా, డాక్టరు బెదిరించినా దిగనివాడు, తను చెప్పింది విని పని అందుకునే మనిషి ఒకడు ఉండేసరికి తనంతట తనే దిగాడు. ఐసుగడ్డ పట్టుకెళ్ళి వాడి మోకాలికి కట్టాను. కోపం మాత్రం అప్పటికీ తగ్గలేదు, ఒక్క పాయింటు మరి. ఆ తర్వాత అడగడాలూ చెప్పడాలూ టైమ్ అవుట్‌లలో పెట్టుకున్నారు. మరిది రెండు సీజన్లు అలా బెంచీ మీద కూర్చున్నాడు. మేనల్లుడి మోకాలు దక్కింది.

బజారు నుంచి ఇంటికొచ్చి పుచ్చు కాకరకాయలు ఏరి పారేస్తుంటే మరిది ఫోన్ చేశాడు. "వొదినా, అల్లుడు మాటాడినాడు. కొత్త కుర్రోణ్ణి ఏటేటి అడగాల, ఎప్పుడడగాల, అన్నీ రాసుకున్నాడు." గొంతు తగ్గించి అన్నాడు: "ఇంకోటొదినా. తెలుగులోనే అడిగినాడు."

దిగనని మొండికేసినవాడు ఇవాళ ఎక్కే ముందు ఏమడగాలో నేర్చుకుంటున్నాడు. మధ్యలోని ఆరేళ్ళు మాత్రం, వాడెప్పుడు ఇంత ఎదిగాడో నాకు చెప్పి చార్జి అప్పజెప్పకుండానే దిగిపోయాయి.